తాళం తిప్పంగనే వచ్చే చప్పుడు

(నల్గొండలో ఒక ఆదివారం పొద్దున టాక్సీ డ్రైవర్లు, సొంత కార్లు నడుపుకునేవాళ్ల ముందు ఒక పాత మెకానిక్ మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసినది.)

అందరికీ దండాలు. దేవరకొండ నుంచి, హాలియా నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా వచ్చిండ్రు. మీరంతా బండ్లు పెట్టేటప్పుడు నేను గేటు కాడ నిలబడ్డ. అడ్డమున్న బండ్లను మళ్ల స్టార్ట్ చేసి జరిపిండ్రు గదా, అప్పుడు ఒక్కొక్క బండిని విన్న. అందుల ఒక తెల్ల బండి స్టార్ట్ కాంగనే కీచుమని అరిచి రెండు నిమిషాలకు ఊకున్నది. అది ఎవరిదైనా సరే, మాటలు అయిపోయినంక పోకుండ్రి. బానెట్ లేపి చూద్దాం.

నేను చిన్నప్పుడు షెడ్డుల పానాలు అందించే పిలగాణ్ని. మా ఉస్తాద్ దగ్గరికి ఎవరన్నా బండి తెచ్చి "చప్పుడొస్తుంది" అంటే ఆయన బానెట్ ముట్టకపోయేది. "ఎప్పుడొస్తుంది?" అని అడిగేటోడు. వాళ్లు "ఈ పక్క నుంచి వస్తుంది" అని చెయ్యి చూపించేటోళ్లు. ఆయన మళ్ల "ఎక్కడ కాదు, ఎప్పుడు?" అనేటోడు. నాకు ఆ వయసుల అర్థం కాలే. ఇన్నేండ్లు చేసినంక తెలిసింది. చప్పుడు ఇనుము పట్టుకొని పోతది. కింద సెల్ఫ్ మోటారు కాడ పుట్టింది పైన కవర్ కాడ వినవస్తది, సైలెన్సర్ల పుట్టింది డ్యాష్‌బోర్డుల మోగుతది. తావు మోసం చేస్తది కానీ సమయం మోసం చెయ్యది. తాళం తిప్పినంక ఇంజన్ అందుకోకముందు వచ్చిందా, అందుకునే క్షణంల వచ్చిందా, అందుకున్నంక వచ్చిందా? వచ్చినంక ఎంతసేపున్నది? ఈ రెండు మాటలు కరెక్టుగా చెప్పగలిగితే మీరు సగం మెకానిక్ అయినట్టే. నేను ఈరోజు చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతది.

తాళం తిప్పితే లోపల ఏమైతదో ముందు చూద్దాం. బ్యాటరీ నుంచి సన్న కరెంటు సోలనాయిడ్‌కు, అంటే అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌కు పోతది. సోలనాయిడ్ ఒక్క దెబ్బకు రెండు పనులు చేస్తది. బెండిక్స్ పళ్లచక్రాన్ని ముందలికి నూకి ఇంజన్ వెనక ఉండే పెద్ద చక్రం, ఫ్లైవీల్, దాని చుట్టూ ఉన్న పళ్ల రింగుల కలుపుతది, అదే ఊపుల లోపలున్న రాగి బిళ్లలను అతికించి మోటారుకు లావు కరెంటు ఇస్తది. లావు కరెంటంటే మామూలు లావు కాదు. చిన్న పెట్రోల్ బండికే నూరు ఆంపియర్లు దాటుతది, డీజిల్ బండికి రెండు మూడు వందలు కూడా పోతది. బెండిక్స్ మీద తొమ్మిదో పదో పళ్లుంటయి, రింగు మీద నూటికి పైన. అంటే ఇంజన్ ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు పది చుట్ల పైన తిరగాలె. ఇంజన్ అందుకోంగనే బెండిక్స్ వెనక్కి వచ్చేయాలె. ఇదంతా ఒకటి రెండు సెకండ్లల్ల అయిపోతది.

ఇంజన్‌ను తిప్పే ఆ మోటారునే మనం "సెల్ఫ్" అంటం గదా. పూర్వం ముందట హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేది. ఇంజన్ ఎదురు తన్నిందంటే మణికట్టు విరిగేది. 1912ల అమెరికాల కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టినంక ఆ బాధ పోవుడు మొదలైంది. తనంతట తానే స్టార్టయితది కాబట్టి "సెల్ఫ్ స్టార్టర్" అన్నరు, మనం "స్టార్టర్" ఇడిసిపెట్టి సెల్ఫ్ మాత్రం ఉంచుకున్నం. మన దగ్గర అంబాసిడర్లకు కూడా హ్యాండిల్ పెట్టే తావుండేది. నేను తిప్పిన. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ మడవొద్దని, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలని ఉస్తాద్ మొదటి రోజే నేర్పిండు.

ఇగ మొదటి చప్పుడు. తాళం తిప్పితే "టకటకటకటక" అని మిషన్ కుట్టినట్టు కొడుతుంది, ఇంజన్ తిరుగది. మీటర్ల లైట్లు దాంతోపాటే వెలుగుతూ ఆరుతుంటయి. పదిసార్ల తొమ్మిదిసార్లు సెల్ఫ్‌కు ఏ రోగం లేదు. సోలనాయిడ్ అతుకుతది, అతకంగనే లావు కరెంటు లాగుతది, ఆ లాగుడుకు బ్యాటరీ కుంగుతది, కుంగంగనే సోలనాయిడ్ పట్టు ఇడుస్తది, ఇడువంగనే బ్యాటరీ తేరుకుంటది, మళ్ల అతుకుతది. అదే ఆ టకటక. బ్యాటరీ దిగిపోయింది, లేకపోతే టర్మినల్ వదులైంది, లేకపోతే టర్మినల్ మీద తెల్లగనో పచ్చగనో ఉప్పు పూసింది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండ్రి. నాలుగైదు వందలకు దొరుకుతది. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద పొద్దుగాల పెడితే 12.6 వోల్టులు చూపియ్యాలె. 12.4 అంటే ముప్పావు వంతు ఉన్నది. 12.2 అంటే సగం. 12 కన్నా కిందికొస్తే ఖాళీ అయినట్టే. ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించి చూడుండ్రి, ఆ కొట్టేటప్పుడు కూడా తొమ్మిదిన్నర కన్నా కిందికి దిగొద్దు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలె. అది లేదంటే డైనమో ఛార్జ్ చేస్తలేదు, కొత్త బ్యాటరీ వేసినా వారానికి అదే కథ.

టకటక కాకుండా ఒక్కటే "టక్" అని గట్టిగ కొట్టి ఊకుంటే సంగతి వేరే. లైట్లు కూడా తగ్గవు. సోలనాయిడ్ తన్నింది కానీ మోటారుకు కరెంటు అందలే, అందినా మోటారు తిరుగలే. లోపలి రాగి బిళ్లలు కాలినయో, కార్బన్ బ్రష్‌లు అరిగినయో. ఇంకొకటి, మనం ఎప్పుడూ మరిచిపోయేది, ఎర్త్ వైరు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలె. నకిరేకల్ దిక్కు నుంచి ఒక టీచరమ్మ బండి వచ్చింది. ఒక్క టక్కు, తిరుగది. నేను బ్యాటరీ చూసిన, బాగున్నది. సెల్ఫ్ పోయిందని చెప్పి కొత్తది వేసిన. తీసి పెట్టే ఊపుల తీగలు కదిలినయి, బండి స్టార్టయింది. నాలుగో రోజు వాళ్ల బడి ముందటనే ఆగిపోయింది. పిల్లల పరీక్షల రోజు. చూస్తే ఇంజన్‌కు బాడీకి మధ్యల ఉండే ఎర్త్ పట్టీ, బోల్టు కింద తుప్పు పట్టి పట్టు లేదు. గరుకు కాయితంతో రుద్ది బిగిస్తే అయిపోయే పని. ఆమె పైసలు ఆమెకిచ్చేసిన, కానీ ఆ రోజు బడి గేటు కాడ ఆమె నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. అప్పటి సంది నేను మీటర్ లేకుండ సెల్ఫ్ దించను. మీటర్ ఒక తీగ బ్యాటరీ మైనస్ కడ్డీ మీద, ఇంకొక తీగ ఇంజన్ ఉత్త ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలె. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిందంటే ఎర్త్ దారి బాగలేదు. నిమిషం పని. మీ మెకానిక్ సెల్ఫ్ మార్చాలె అంటే, అన్నా ఈ ఒక్కటి చూసినవా అని అడుగుండ్రి. మంచోడు ఏమనుకోడు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి నీళ్ల ముచ్చట చెప్పకుండ ముందలికి పోలేను. నీళ్ల గురించి నల్గొండోళ్లకు ఒకరు చెప్పాల్నా? మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లు తాగి నడుములు వంగిన ముసలోళ్లను, కాళ్లు వంకర పోయిన పిల్లలను చూసుకుంట పెరిగినం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరే నల్గొండ టెక్నిక్. అంత చూసినోళ్లం. చౌటుప్పల్ కాడ మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఇంటికి నల్లా వచ్చింది, బోరు నీళ్లు తాగుడు బంద్ చేసినం. మరి అవే బోరు నీళ్లు బండికెందుకు తాపుతున్నం? మూతలు తీసి నీళ్లు పోసే బ్యాటరీలల్ల డిస్టిల్డ్ వాటర్ కాకుండ బోరు నీళ్లు పోసినోళ్లను నేను లెక్క పెట్టలేను. నీళ్లల్ల కరిగిన ఇనుము, క్లోరైడు, ఉప్పులు ప్లేట్లను తింటయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎంత? ఛాయ్ పైసలు. బ్యాటరీ ఎంత? వేలల్ల. ఆర్వో నీళ్లు పోస్త అంటరు కొందరు. అందుల కూడా ఎంతో కొంత ఉప్పు మిగులుతది, వద్దు.

ఎండ ఇంకొక శత్రువు. మన దగ్గర మే నెలల 44, 45 డిగ్రీలు కొత్త కాదు. బానెట్ కింద ఇంకా ఎక్కువ. బ్యాటరీని చంపేది చలి అనుకుంటరు, మన ఊళ్లల్ల చంపేది ఎండ. ఎండకాలంల దెబ్బ తింటది, డిసెంబర్ పొద్దుగాల పడిపోతది. చలికి ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువైతది, బ్యాటరీ బలం తగ్గుతది. అందుకే దెబ్బ అప్పుడు బయటపడుతది. మూడేండ్లు దాటిన బ్యాటరీ అయితే వానకాలం పోంగనే ఒకసారి చూపించుకోండ్రి.

రెండో చప్పుడు, అందరు భయపడేది. "గర్ర్ర్" అని ఇనుము మీద ఇనుము రాసినట్టు. ఇంజన్ అందుకోకముందే. ఇది పళ్ల చప్పుడు. బెండిక్స్ పళ్లు రింగు పళ్లల్ల కూసుంటలేవు. ముందు సెల్ఫ్‌ను పట్టి ఉంచే బోల్టులు బిగువుగున్నయా లేదా చూడుండ్రి. ఒక్క బోల్టు వదులైనా మోటారు పక్కకు వంగుతది, పళ్లు అంచుల మీద అరుగుతయి. ఈ ఒక్క చిన్న పని ఆలస్యమైతే రింగు పోతది. రింగు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలె. వందల పని వేలకు పోతది.

గర్రుమనుడు రోజూ రాదు, అప్పుడప్పుడు వస్తది అంటే అందులనే ఒక గుట్టు ఉన్నది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా ఇష్టమొచ్చిన తావుల ఆగది. పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు కంప్రెషన్ ఎదురొచ్చే కాడ ఆగుతది. అంటే రింగు మీద రెండు చోట్లనే ఎక్కువసార్లు బెండిక్స్ తగులుతది, ఆ రెండు చోట్లనే పళ్లు అరుగుతయి. అందుకే ఒకసారి వస్తది, ఒకసారి రాదు. పరీక్ష చెప్త, గేర్లు చేత్తో వేసే బండికి మాత్రమే. గర్రుమన్నంక తాళం బంద్ చేసి, తాళం తీసి జేబుల పెట్టుకొని, చదును తావుల బండిని నాలుగో గేరుల వేసి, బయట నిలబడి జానెడు ముందలికి నూకండ్రి. ఇంజన్ కొంచెం తిరుగుతది, రింగు తావు మారుతది. మళ్ల న్యూట్రల్‌ల వేసి స్టార్ట్ చేస్తే సాఫుగ పట్టిందా? అయితే రింగు పళ్లే. ఎన్నిసార్లు నూకినా గర్రుమంటే బెండిక్స్ దిక్కు చూడాలె.

ఇంజన్ అందుకున్నంక కూడా సెల్ఫ్ "కుయ్య్" అని సన్నగ ఏడ్చుకుంట తిరుగుతుందంటే వెంటనే బంద్ చేయండ్రి. బెండిక్స్ వెనక్కి రాలే. ఇంజన్ వెయ్యి చుట్లు తిరుగుతుంటే దాన్ని పదివేల పైన తిప్పాలని చూస్తది. బెండిక్స్ లోపల ఒకే దిక్కు పట్టే క్లచ్ ఉన్నది, కొంతసేపు కాపాడుతది, తర్వాత అది కూడా పోతది. ఈ చప్పుడుతోటి బండిని ఇంటిదాక తీసుకపోదాం అనుకోవద్దు. సెల్ఫ్ కాలి పొగ లేచిన బండి నేను చూసిన.

(ముందు వరుసల ఒకామె ప్రశ్న: సెల్ఫ్ మొత్తం మార్చాలంటున్నరు, బాగు చేయరాదా?)

మంచి మాట అడిగినవమ్మా. చాలా సెల్ఫ్‌లు బాగైతయి. కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, సోలనాయిడ్, బెండిక్స్ విడివిడిగ దొరికే బండ్లు ఎక్కువ. ఆటో ఎలక్ట్రికల్ పని చేసేటోళ్లు విప్పి బాగు చేస్తరు. ఆర్మేచర్, అంటే మోటారు లోపల తిరిగే తీగచుట్ట, కాలిందంటే మాత్రం కొత్తది వేసుకునుడే మేలు. నువ్వు అడగాల్సింది "లోపల ఏం పోయింది, నాకు చూపియ్యి" అని. బ్రష్ అరిగిందంటే అరిగిన బ్రష్ నీ చేతుల పెట్టాలె. ఇంకొక సంగతి. సెల్ఫ్ తిరుగకపోతే పానాతోటి రెండు దెబ్బలు వేస్తరు గదా, అరిగిన బ్రష్ జరిగి స్టార్టయితది. ఒక్కసారి ఇంటికి చేరెతందుకు సరే. కానీ ఇప్పటి సెల్ఫ్‌లల్ల చానా వాటికి లోపల అయస్కాంతాలుంటయి, గట్టిగ కొడితే పగులుతయి. మెల్లగ తట్టాలె, అదే రోజు చూపించుకోవాలె. సెల్ఫ్ ఒక్కపట్టున పది సెకండ్లకు మించి కొట్టొద్దు, మళ్ల కొట్టేముందు అర నిమిషమన్న ఆగాలె. వేడికే అది చస్తది.

అందుకునే క్షణంల "ధడ్" అని ఒక్క గుద్దు, ఆపేటప్పుడు కూడా అదే గుద్దు వస్తే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చినిగింది. బానెట్ లేపి, ఇంకొకరిని స్టార్ట్ చేయమని దూరం నుంచి చూస్తే ఇంజన్ ఎగిరి పడుడు కంటికే కనవడుతది. దీని మీద ఎక్కువ చెప్పేది లేదు, మార్చుకోవాలె.

ఇంజన్ అందుకున్నంక వచ్చే చప్పుళ్లే అసలు కష్టం. అందుల నేను అందరికన్నా ఎక్కువ బతిమాలుకునేది ఒకటున్నది. పొద్దుగాల మొదటిసారి స్టార్ట్ చేయంగనే "గలగలగల" అని రెండు మూడు సెకండ్లు, డబ్బాల గులకరాళ్లు వేసి ఊపినట్టు, తర్వాత మాయమైతది. మాయమైంది గదా అని మనం మరిచిపోతం. ఆ మూడు సెకండ్లు ఇంజన్ పైభాగానికి ఆయిల్ అందలే. వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్ల ఆ చైన్‌ను బిగువుగ పట్టే టెన్షనర్ చానా బండ్లల్ల ఆయిల్ ఒత్తిడి మీదనే పని చేస్తది. ఒత్తిడి వచ్చేదాక చైన్ వదులుగ కొట్టుకుంటది. ఎందుకు అందలే? ఆయిల్ తక్కువుండొచ్చు. బండిని చదును తావుల ఆపి, కొంచెంసేపు ఆగి, డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ల పెట్టి చూడుండ్రి. రెండు గుర్తుల మధ్యల ఉండాలె. ఆయిల్ ఉన్నదంటే ఫిల్టర్‌ను అనుమానించండ్రి. ఇంజన్ ఆగినప్పుడు ఆయిల్ కిందికి జారిపోకుండ చానా ఫిల్టర్లల్ల ఒక రబ్బరు పొర ఉంటది. నకిలీ ఫిల్టర్‌ల ఆ పొర గట్టిపడుతది, రాత్రంతా ఆయిల్ జారిపోతది, పొద్దుగాల పంపు మళ్ల మొదటి నుంచి ఎత్తాలె. నూరు రూపాయలు మిగులుతయని వేసిన ఫిల్టర్ చైన్‌ను తింటది.

ఇంకొకటి, చప్పుడు తగ్గాలంటే చిక్కటి ఆయిల్ పోయుమంటరు. వద్దు. బండి పుస్తకంల 5 డబ్ల్యూ 30 అని రాస్తే అదే పోయాలె. మొదటి అంకె చల్లగున్నప్పుడు ఎంత తొందరగ పారుతదో చెప్తది. చిక్కటిది పోస్తే పొద్దుగాల ఇంకా మెల్లగ పాకుతది, మీరు పోగొట్టాలనుకున్న చప్పుడు ఇంకా పెరుగుతది. ఆ గలగల ఐదు సెకండ్లకు పెరిగిందంటే, వేడెక్కినంక కూడా వస్తుందంటే ఇగ బండి తియ్యొద్దు. చైన్ ఒక్క పన్ను జారిందంటే చానా ఇంజన్ల వాల్వులు పిస్టన్‌కు తగులుతయి. అప్పుడు ఇంజన్ విప్పుడే. గలగలమంటుంటే యాక్సిలేటర్ తొక్కి చప్పుడు పోగొడదామని కొందరు చూస్తరు. ఆయిల్ లేని ఇంజన్‌ను ఉరికిచ్చుడది. దయచేసి చెయ్యకుండ్రి.

సన్నగ "టిక్ టిక్ టిక్", చల్లగున్నప్పుడు ఎక్కువ, ఐదు నిమిషాలు నడిస్తే తగ్గుతది. అందరు టాపెట్ అంటరు, అంటే వాల్వును నూకే ముక్క. టాపెట్ కావొచ్చు, కానీ సైలెన్సర్ మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకు కూడా అచ్చం ఇట్లనే మోగుతది. ఇనుము వేడెక్కి సాగితే సందు మూసుకపోతది, అందుకే తగ్గుతది. జాయింట్ చుట్టూ నల్లటి మసి పట్టిందా చూడుండ్రి, ఇంజన్ చల్లగున్నప్పుడే. మసి ఉంటే పొగ అక్కడి నుంచే వస్తుంది. ఊరూరికి ఒక స్పీడ్ బ్రేకర్ ఉన్నది మనకు, కింద పైపు తగిలి తగిలి జాయింట్ వదులైతది. స్టార్ట్ చేయంగనే "బుర్ర్" అని ట్రాక్టరు లెక్క మోగితే పైపు విరిగిందో రంధ్రం పడిందో. రేకు కొట్టుకున్నట్టు "జర్ర్" అని వస్తే సైలెన్సర్ పైన ఉండే వేడి రేకు వదులైంది, క్లాంపు వేసి బిగిస్తే అయిపోతది.

పొగ లీకుతో నడిపే బండి చప్పుడు ఒక్కటే కాదు, ప్రాణం సంగతి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. షట్టర్ వేసిన గ్యారేజీల, ఇంటి కింద మూసిన సెల్లార్ల ఇంజన్ ఆన్ చేసి చప్పుడు వెతుకుడు ఎప్పుడూ వద్దు. బండి బయటికి తీసి ఆరుబయట వినుండ్రి. లోపల పిల్లలను కూసోబెట్టి ఏసీ వేసి ఆగి ఉన్న బండిల అసలే వద్దు.

నీళ్ల ముచ్చట మళ్ల ఒకసారి. స్టార్టయినంక ఇంజన్ ముందు దిక్కు నుంచి "గుర్ర్" అని మూలుగు వస్తుందా, వేగం పెంచితే పెరుగుతుందా? వాటర్ పంప్ బేరింగ్ కావొచ్చు. రేడియేటర్‌ల కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోస్తే లోపల చిట్లెం కడుతది. మన ఇంట్ల కాగు అడుగున తెల్లగ కట్టదా, అదే. ఆ చిట్లెం, తుప్పు కలిసి పంపు సీల్‌ను రాపిడి పెడతయి, సీల్ పోతే నీళ్లు బేరింగ్‌కు చేరుతయి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటది, అక్కడ ఎండిన తెల్ల చారనో పచ్చ చారనో కనవడితే పంపు పోతుందన్నట్టు. ఆ చప్పుడును ఇడిసిపెడితే పంపు పట్టుకొని బెల్టు తెగి రోడ్డు మీద నిలబడతరు. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం నిలబడుడు అంటే ఏందో డ్రైవర్లకు తెలుసు.

డీజిల్ బండ్లు చల్లగున్నప్పుడు కొంచెం టకటకలాడుడు సహజం. హీటర్ ప్లగ్ గుర్తు మీటర్ల ఆరినంకనే సెల్ఫ్ కొట్టండ్రి. తెల్లపొగ, వణుకు, గట్టి టకటక కలిసి వస్తే హీటర్ ప్లగ్‌లు చూపించుకోవాలె. పెట్రోల్ బండి కూడా పొద్దుగాల మొదటి నిమిషం పెద్ద గొంతుతో తిరుగుతది. ఇంజన్‌ను, సైలెన్సర్‌ల పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌ను తొందరగ వేడి చేసెతందుకు కంప్యూటరే అట్ల తిప్పుతది. అది రోగం కాదు. ఆ చప్పుడుకు పైసలు పెట్టినోళ్లు కూడా ఉన్నరు, అందుకే చెప్తున్న.

వరి కోతలప్పుడు ఇంకొకటి వస్తది మన దగ్గర. పొలం గట్ల మీద, మిల్లుల కాడ రాత్రంతా ఆపిన బండ్లల్ల ఎలుకలు గడ్డి తెచ్చి గూడు పెడతయి. ఏసీ బ్లోయర్‌ల గడ్డి పడితే స్టార్ట్ చేయంగనే "తరతరతర". ఏసీ బంద్ చేస్తే పోతది, గుర్తుపట్టుడు అల్కగ. తీగలు కూడా కొరుకుతయి, కాబట్టి చప్పుడు లేకున్నా చూడుండ్రి. చలికాలంల పిల్లులు వెచ్చదనానికి ఇంజన్ మీద పండుకుంటయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు చేత్తో కొట్టండ్రి. ఒక్కసారి నేను కొట్టకుండ స్టార్ట్ చేసిన. ఆ చప్పుడు గురించి నేను చెప్పను.

షెడ్డుకు వచ్చేటప్పుడు ఏం చెయ్యాలె? బండి నడుపుకుంట వస్తే వేడెక్కుతది, చప్పుడు పోతది, మెకానిక్ ముందు బండి మంచిగ మాట్లాడుతది. మీరు అబద్ధం చెప్తున్నట్టయితది. అందుకే పొద్దుగాల మొదటి స్టార్ట్‌ను ఫోన్‌ల వీడియో తీయండ్రి. బానెట్ లేపి, తాళం తిప్పకముందు నుంచి మొదలుపెట్టి ఒక నిమిషం దాక. మీటర్ల లైట్లు కూడా పడితే ఇంకా మంచిది. ఇంకా మేలైంది ఏందంటే, రాత్రి బండి షెడ్డులనే ఇడిసిపెట్టి పోండ్రి. పొద్దుగాల ఆ మెకానిక్ తన చేతులతోటే మొదటి తాళం తిప్పాలె. నేను ఇప్పటికీ అట్లనే అడుగుత. ఒక్క రాత్రి ఆగలేక వేరే వేరే సామాన్లు మార్చుకున్నోళ్లు చానామంది.

ఇంటికాడ మీరే చూసుకునేటప్పుడు హ్యాండ్ బ్రేక్ గుంజండ్రి, గేరు న్యూట్రల్‌ల ఉండాలె, ఆటోమేటిక్ అయితే పార్క్‌ల. చున్నీ, చీర కొంగు, మెడల టవల్ బెల్టు దగ్గరికి రావొద్దు. బ్యాటరీ విప్పితే మైనస్ ముందు విప్పాలె, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ మీద వంగి బీడీ, సిగరెట్ వద్దు, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది, నిప్పు తగిలితే పేలుతది.

ఇగ ఆ తెల్ల బండి. స్టార్ట్ కాంగనే కీచు, రెండు నిమిషాలకు బంద్. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ కొంత ఖర్చయింది, దాన్ని నింపెతందుకు డైనమో మొదటి నిమిషాలల్ల గట్టిగ లాగుతది, బెల్టు మీద బరువు పడుతది. బెల్టు వదులైతే, అంచులు అద్దం లెక్క మెరుపు పడితే జారి అరుస్తది. బ్యాటరీ నిండినాకొద్దీ బరువు తగ్గుతది, అరుపు ఆగుతది. నాకున్న అనుమానం ఇది. అనుమానమే, రుజువు బయట ఉన్నది. ఒక సీసల మంచినీళ్లు తెచ్చిన. ఇంజన్ నడుస్తుంటే దూరం నుంచి బెల్టు గాళ్ల మీద కొన్ని చుక్కలు చల్లుత. అరుపు ఒక్క క్షణం ఆగి మళ్ల వస్తే పుల్లీలు వరుసల లేవు. అరుపు ఇంకా పెరిగితే బెల్టు బిగువు లేదు. మీరు మాత్రం చేతులు దూరం పెట్టుకోండ్రి.

ఎవరిదయ్యా ఆ బండి? నీదా తమ్మీ? తాళం తీసుకొని రా. ఇంజన్ చల్లారి ఉంటది ఇప్పటికి.